ఎక్కే వీధి, దిగే వీధి

రేవు పట్నం పుస్తకం చేత పట్టుకుని వెళ్ళిన మనిషి అదే రేవు పట్నంలో దారి తప్పి, ఆ సంగతి ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పడంతో పోయినవారం మనం ఆగాం. విని అందరూ నవ్వారు. పెద్ద కోడలు మాత్రం నవ్వలేదు. ఆ మాటను కొంగున ముడి వేసుకుంది.

ఈ వారమే వచ్చి కూర్చున్నవారి కోసం ఇంటి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. పరాయి దేశాల్లో ఊరూరూ తిరిగి చూసి, రేపు అక్కడికి వెళ్ళబోయేవాళ్ళకు దారీ తెన్నూ చెప్పే పుస్తకాలు రాయడం ఆ ఇంటివాళ్ళ పని. మామగారు మొదలుపెట్టారు. ఇప్పుడు చిన్న కొడుకూ కోడలూ తిరుగుతున్నారు. అతను పటాలు గీస్తాడు, ఆమె రాస్తుంది. ఆ రాతను ఇంట్లో కూర్చుని పుస్తకంగా కుదిర్చేది పెద్ద కోడలు. అచ్చు వేసేది ఆమె భర్త. అచ్చుకు పోయేముందు మామగారి నియమం ఒకటుంది. రాసినవాళ్ళు కాకుండా వేరొకరు, ఆ రాతప్రతి ఒక్కటే పట్టుకుని, ఎవరినీ దారి అడక్కుండా, ఒంటరిగా నడిచి చూసి రావాలి. అలా వెళ్ళిన పెద్ద కొడుకే ఈసారి దారి తప్పింది.

ఇంకో సంగతి. మామగారికి చూపు ఆనడం లేదు. పుస్తకంలో ఏది ఉండాలో ఏది పోవాలో చివరి మాట చెప్పేది ఆయన బల్ల దగ్గరే. ఆ బల్లను ఇద్దరు కోడళ్ళలో ఒకరికి అప్పగిస్తానన్నారు. ఎవరికన్నది ఇంకా చెప్పలేదు.

ఆ పొద్దున గొడవ ఉప్పు డబ్బా దగ్గర మొదలైంది.

పొయ్యి మీద కూర ఉడుకుతోంది. పెద్ద కోడలు పై అర మీదికి చెయ్యి చాపింది. చేతికి గోడ తగిలింది. డబ్బా కింది అరలో, పసుపు సీసా పక్కన కూర్చుని ఉంది.

"ఉప్పు డబ్బా ఎవరు కదిపారు?"

"నేనేనక్కా," అంది చిన్న కోడలు కింద కూర్చుని కూరలు తరుగుతూ. "పైనుంటే మీరు ప్రతిసారీ మునివేళ్ళ మీద లేవాల్సి వస్తోంది. అందుకని దించాను."

"నేను మునివేళ్ళ మీద లేవడం నీకెప్పుడు కనిపించింది? నువ్వు ఇంట్లో ఉంటేగా."

"ఉన్న ఈ కాసిని రోజుల్లోనే చూశాను."

"అది ఉండాల్సిన చోటు అదే. కొత్తగా ఎవరూ సర్దక్కర్లేదు."

వంటింటి గుమ్మంలో పీట వేసుకు కూర్చున్న అత్తగారు విసనకర్ర ఆపారు. "ఉప్పు ఎక్కడుంటే ఏమిటే, కూరలో పడితే చాలు. దానికి కూడా మీ మరిది చేత పటం గీయించమంటావా?"

చిన్న కోడలు నవ్వు ఆపుకుంది. పెద్ద కోడలు డబ్బా తీసి, మునివేళ్ళ మీద లేచి, మళ్ళీ పై అరలోనే పెట్టింది. పెట్టాక తెలిసింది, మడమలు నొప్పి పెడుతున్నాయని. ఎన్నేళ్ళ నుంచి పెడుతున్నాయో. ఈ ఇంట్లో ఇంతమంది ఉండి ఒక్కరూ గమనించలేదు సరికదా, తానూ గమనించలేదు. చుట్టపు చూపుగా వచ్చే ఈ మనిషి గమనించింది. ఒళ్ళు మండేది అక్కడే.

చిన్న కోడలికి అత్తగారు పెట్టిన పేరు ‘బలపం’. కాలికి అది కట్టుకుని తిరుగుతుంది కాబట్టి. అది విని మామగారు ఓ రోజు సరదాకి పెద్ద కోడలిని ‘పలక’ అన్నారు. బలపం ఎంత తిరిగినా చివరికి రాయాల్సింది పలక మీదేగా అని. మెచ్చుకోలుగానే అన్నారు, పాపం. పలక మీద రాసేదీ ఎవరో, తుడిచేదీ ఎవరో, పలక తనంతట తాను ఒక్క అక్షరం రాయలేదని ఆయనకు తట్టలేదు. పెద్ద కోడలికి ఆ రోజే తట్టింది.

కూర కలుపుతూ ఆమె తోడికోడలి పాదాల వంక చూసింది. ఎండకు కమిలిన పాదాల మీద చెప్పుల పట్టీల మేర తెల్లటి చారలు, ఎవరో కొలిచి గీసినట్టు. ఎన్ని వీధుల ఎండ పడితే అలాంటి చారలు తేలతాయో. తన పాదాలు గోరు నుంచి మడమ దాకా ఒకటే రంగు. నగలు చూసి కుళ్ళుకునే ఆడవాళ్ళు ఉంటారని కథల్లో చదివి నవ్వుకుంది చాలాసార్లు. చెప్పుల గుర్తులు చూసి కుళ్ళుకునే మనిషి ఒకతె ఉంటుందని ఎవరూ రాయలేదు.

పోనీ, రాత చేతకాని మనిషైనా బాగుండేది. చిన్న కోడలి ప్రతుల్లో తప్పులకు కొదవ లేదు. వాక్యం ఒకచోట మొదలై ఇంకోచోట ఊడిపోతుంది. అవన్నీ పెద్ద కోడలు ఓపిగ్గా చక్కబెడుతుంది. కానీ మధ్యలో ఎక్కడో ఒక ముక్క తగులుతుంది. కంచరి పనివాళ్ళ సందు గురించి ఆమె ఇలా రాసింది: ‘ఈ సందు ముందు చెవులకు కనిపిస్తుంది, తర్వాతే కళ్ళకు.’ పెద్ద కోడలు దాన్ని కొట్టేద్దామని కలం ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి, చివరికి అలాగే వదిలేసింది. ఆ రోజు అన్నం సహించలేదు. తాను జన్మలో రాయలేని మాట అది. రాయడం రాక కాదు, ఆ సందులో నిలబడలేదు గనక.

ఆమె వెళ్ళకూడదని ఎవరూ శాసించలేదు. మొదట్లో పిల్లలు చిన్నవాళ్ళు. తర్వాత అత్తగారు జారిపడ్డారు. ఆ తర్వాత, ఇంట్లో అన్నీ తెలిసిన మనిషి ఒకరుండాలి కదా అన్నారు. అది పొగడ్త అనుకుని ఉండిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె రేవు పట్నం ప్రతి తీసుకుని పనిగదిలోకి వెళ్ళింది. మామగారు బల్ల ముందు భూతద్దం పట్టుకుని కూర్చున్నారు. మరిది కిటికీ దగ్గర పటానికి రంగు వేస్తున్నాడు. చిన్న కోడలు నేల మీద పరుచుకుని కాయితాలు వరస పెడుతోంది. చెప్పవలసిన మాట పెద్ద కోడలు నాలుగు రోజులుగా మనసులో ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

"మామయ్యా, రేవు పట్నం నడక గురించి ఒకటి మాట్లాడాలి. మీ అబ్బాయి దారి తప్పారు కదా. అందరం నవ్వేసి ఊరుకున్నాం."

"ఊరుకోవాల్సింది కాదు," అన్నారు మామగారు. "చదువు."

ఆమె చదివింది. రేవు దగ్గర బయల్దేరి పైకి ఎక్కాలి. కుడిచేతి గోడ మీద నీలం చేప బొమ్మ కనబడగానే ఎడమ సందులోకి తిరగాలి. ఎదురుగా గంట గోపురం అగుపిస్తుంది, దాన్నే చూసుకుంటూ నడిస్తే కోట గుమ్మం. ఇంత తేటగా ఉంది రాత. కానీ వెళ్ళిన మనిషికి చేపా కనబడలేదు, గోపురమూ కనబడలేదు. తిరగాల్సిన సందు దాటిపోయి, వలలు బాగుచేసే కొట్టాల్లో తేలాడు. పుస్తకం నమ్ముకుని ముసలివాళ్ళెవరైనా వెళ్తే వాళ్ళ గతేమిటని ఆమె అడిగింది. ఈ ఇంటి పుస్తకానికి ఉన్న పేరేమిటని అడిగింది. అంతటితో ఆగి ఉంటే సరిపోయేది.

"ఊళ్ళు తిరగడానికి కాళ్ళుంటే చాలదు మామయ్యా. కళ్ళు కూడా వెంట తీసుకెళ్ళాలి."

మరిది కుంచె పక్కన పెట్టాడు. "వదినా, అది..."

"మీరుండండి," అంది చిన్న కోడలు మొగుడితో. తలెత్తి మామగారి వైపు చూసింది. "తప్పు నాదే మామయ్యా. నేను చూసుకోవాల్సింది."

ఆ గదిలో అంతకంటే పెద్ద మాట లేదు. చూడనిది రాయకూడదన్నది మామగారి మొదటి నియమం. ఆ నియమం తప్పాడనే ఆయన ఒకప్పుడు ప్రాణస్నేహితుణ్ణి దూరం చేసుకున్నారు. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు. బల్ల సంగతి సాయంత్రం భోజనాల దగ్గర చెప్తానని మాత్రం అన్నారు. ఏం చెప్తారో అందరికీ తెలిసిపోయింది.

పెద్ద కోడలు వరండాలోకి వచ్చి గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఎన్నాళ్ళ దాహమో తీరినట్టుంది. అప్పుడే అచ్చు గది నుంచి భర్త మంచినీళ్ళకి వచ్చాడు, చేతుల నిండా సిరాతో. ఆమే గ్లాసు పట్టుకుని తాగించింది. తీపి తిన్నవాళ్ళు వేలు నాక్కున్నట్టు, ఆ కథ ఇంకోసారి వినాలనిపించింది. ఇంతకీ ఆ చేప ఎక్కడా కనబడలేదా అని అడిగింది.

"ఎందుకు కనబడలేదూ," అన్నాడతను. "మీరంతా నవ్వుతుంటే మిగతాది చెప్పలేదు గానీ. ఎక్కేటప్పుడు ఒక్కటీ కనబడలేదు. ఎలాగోలా పైకి చేరి, కోట దగ్గర కాసేపు కూర్చుని, ఇక తేలదులే అని దిగడం మొదలుపెట్టాను. దిగుతుంటే అన్నీ ఉన్నాయి. ఆ చేప కొండ వైపు తిరిగిన గోడ మీద ఉంది. ఎక్కేవాడికి ఆ గోడ వీపు, దిగేవాడికి మొహం. గోపురమూ అంతే, ఎక్కేవాడికి అది వెనకాల పడుతుంది. ఎవరో దిగుతూ చూసి, ఎక్కుతున్నట్టు రాశారు."

మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఖాళీ గ్లాసు ఆమె చేతిలో ఉండిపోయింది.

చిన్న కోడలు పంపిన ప్రతిలో ఆ నడక కోట గుమ్మం దగ్గరే మొదలైంది. ‘ఇక్కణ్ణుంచి దిగండి’ అనే ఉంది. ఓడ దిగినవాళ్ళూ, రైలు దిగినవాళ్ళూ ఉండేది కిందైతే, పైనుంచి మొదలుపెట్టమనడం ఏం తెలివి అనుకుని, పెద్ద కోడలే ఒక మధ్యాహ్నం కూర్చుని దాన్ని తిప్పి రాసింది. చివరిది ముందుకు తెచ్చింది. కుడిని ఎడమ చేసింది, ఎడమను కుడి చేసింది. రవికె తిరగేసినట్టు వీధిని తిరగేసింది. తిరగేసిన రవికెకు చేతులు చేతుల్లాగే ఉంటాయి కదా. పని అయ్యాక, కుర్చీలోంచి కదలకుండా ఎంత బాగా సరిచేశానని మురిసిపోయింది కూడా.

చిన్న కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పెద్ద కోడలు వెళ్ళి తీగకు ఇవతల నిలబడింది. మధ్యలో తడి దుప్పటి.

"తిప్పి రాసింది నేనని నీకు తెలుసు."

దుప్పటి అవతల చేతులు ఆగాయి. "తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ప్రతి చూడగానే. బావగారు బయల్దేరక ముందే."

"అప్పుడే చెప్పలేదేం?"

"ఎలా చెప్పనక్కా? బావగారు నడిచొస్తే అదే తేలుతుంది, అప్పుడు మనిద్దరం కూర్చుని సరిచేసుకోవచ్చు అనుకున్నాను. మీరు మామయ్య ముందు పెడతారనుకోలేదు."

"పెట్టాను. నీ మీదే పెట్టాను. నోరు విప్పి అది మా అక్క తప్పు అనొచ్చుగా."

చిన్న కోడలు దుప్పటి పక్కకి జరిపి ఇవతలికి వచ్చింది. దుప్పటికి పెట్టిన క్లిప్పు తీసి చేతిలో పట్టుకుంది. ఆ మొహంలో కోపం కోసం పెద్ద కోడలు వెతికింది. పిసరంత దొరికినా పట్టుకుని పోట్లాడేది.

"మీ తప్పెలా అవుతుందక్కా? కింది నుంచి చూస్తే ఒక వీధి, పైనుంచి చూస్తే ఇంకో వీధి. గడప దాటని మనిషికి అది ఎలా తెలుస్తుంది?"

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికెవరో. ఇక్కడ తోడికోడలు నవ్వలేదు. నవ్వి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది పెద్ద కోడలికి. నవ్వుకి నవ్వు ఉంది, తిట్టుకి తిట్టు ఉంది. జాలికి ఏం తిరిగివ్వాలి?

"అయినా బల్ల మీకే రావాలి," అంది చిన్న కోడలు, ఓదార్చబోతూ. "నా మీద పడినా నేను కూర్చోలేను దాని ముందు. నడుం నొప్పి తప్ప ఏముంది అందులో. నాకొద్దు."

ఆ మాటతో అన్నాళ్ళుగా ఆశపడ్డ బల్ల కాస్తా, ఒకరు కట్టి విడిచిన చీరలా కళ్ళముందు కుప్పగా పడింది. పెద్ద కోడలు లోపలికి వెళ్ళిపోయింది. బల్ల వెనక మామగారి కుర్చీ ఉంటుంది, దాని మీద దిండు ఉంటుంది, కుడివైపు కలం ఉంటుంది. అవన్నీ కళ్ళు మూసుకుని చెప్పగలదు. కళ్ళు మూసుకుంటే ఇప్పుడు కనబడుతున్నది అవి కాదు. ఎప్పుడూ చూడని గోడ మీద, ఏ రకం నీలమో తెలియని ఒక చేప.

సాయంత్రం అందరూ ఒకేసారి కూర్చున్నారు. అలా కూర్చోవడం ఆ ఇంట్లో తక్కువ. పెద్ద కోడలు వడ్డిస్తోంది. మామగారు మొదటి ముద్ద తిని మంచినీళ్ళు తాగారు.

"ఎక్కువ నాన్చను," అన్నారు. "బల్ల పెద్ద కోడలికి అప్పగిస్తున్నాను. చిన్నది తిరగనీ. కానీ ఇకమీదట ప్రతి మాటా పెద్దామె కంటికింద నుంచి పోవాలి. ఈసారి జరిగినట్టు మళ్ళీ జరక్కూడదు."

చిన్న కోడలు హాయిగా తలూపింది. కోరుకున్నది అదే అన్నట్టు. ఆ తలూపడం చూశాక పెద్ద కోడలి చేతిలోని గరిట గిన్నెలోకి జారింది.

"ఆ నడక తిప్పి రాసింది నేను, మామయ్యా. తను రాసింది రాసినట్టు ఉంచితే మీ అబ్బాయి దారి తప్పేవారే కాదు."

భర్త ఆమె వైపు, తర్వాత చిన్న కోడలి వైపు చూశాడు. మధ్యాహ్నం మంచినీళ్ళు తాగుతూ తాను ఏం చెప్పాడో అతనికి ఇప్పుడు బోధపడినట్టుంది.

"మరి తన తప్పని ఎందుకంది?" అని అడిగారు మామగారు.

"నన్ను చూసి జాలిపడింది."

"జాలితో ఇల్లు నడవదు గానీ," అన్నారు అత్తగారు, "ఇప్పుడేమంటావు? బల్ల వద్దంటావా?"

"వద్దనను అత్తయ్యా. ఇప్పుడే వద్దు. ఆ నడక కింది నుంచి పైకి మళ్ళీ రాయాలి. ఎక్కేవాడికి ఏం కనబడుతుందో ఎక్కి చూసినవాళ్ళే రాయాలి. నేను వెళ్తాను."

అత్తగారు ముద్ద కంచంలో వదిలేశారు. "నువ్వా? కూరగాయల కొట్టు పక్క వీధికి మార్చినప్పుడు వారం రోజులు దారి అడిగావు."

పెద్ద కొడుక్కి నవ్వొచ్చింది. పొలమారింది కూడా.

"ఎవరు తోడొస్తారు?" అన్నారు మామగారు.

"నడిచి చూసేవాళ్ళు ఒక్కరే వెళ్ళాలన్నది మీ నియమం. మీ అబ్బాయికి ఒకటీ నాకొకటీనా?"

ఆయన మీసం కింద చిన్న కదలిక, నవ్వో కాదో. భర్త నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, నెమ్మదిగా, పాస్‌పోర్టు లేకుండా ఎలా వెళ్తావని అడిగాడు. చిన్నపిల్లకు నచ్చచెబుతున్నట్టు అడిగాడు.

"బీరువాలో ఉంది," అందామె. "గడువు తీరిన ప్రతిసారీ కొత్తది చేయించుకుంటూనే ఉన్నాను. ఒక్క ముద్రా పడలేదంతే."

అతని చెయ్యి గ్లాసు మీదే ఉండిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో భార్య గురించి తనకు తెలియనిది ఒకటుందని, అది తన బట్టల బీరువాలోనే ఉందని ఇప్పుడే తెలిసింది.

ఇల్లెవరు చూస్తారని అత్తగారు అడగబోయారు. పెద్ద కోడలు అడగనివ్వలేదు. రాసినవాళ్ళు నడిచి చూడకూడదు కాబట్టి చిన్న కోడలు ఎటూ ఇంట్లోనే ఉంటుంది. తాను వచ్చేదాకా వంటిల్లూ ఆమెదే, బల్లా ఆమెదే. నడుం నొప్పి సంగతి కూడా తెలిసొస్తుంది. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో సన్నటి సంతోషం తొంగిచూసింది. దాచుకోవాలని కూడా ఆమె అనుకోలేదు. వచ్చాక బల్ల సంగతి తనే అడుగుతానంది. అప్పుడు కాదంటే కాదనండి అంది.

"అక్కా."

చిన్న కోడలు కంచం ముందు నుంచి చెయ్యి తీసేసింది. చెయ్యని తప్పు నెత్తిన వేసుకున్నప్పుడు కూడా చెక్కుచెదరని మనిషి, ఇప్పుడు మొహం పాలిపోయి ఉంది.

"ఇంకో ఊరికి వెళ్ళండి. అవతలి దీవుల పుస్తకం ఉంది, కొండ ఊళ్ళది ఉంది. ఎక్కడికైనా నేనే అన్నీ చెప్పి పంపిస్తాను. ఆ ఊరొక్కటి వద్దక్కా."

"ఏం?"

చిన్న కోడలు మొగుడి వైపు చూసింది. మరిది తలెత్తలేదు. కంచంలో కలపడానికి ఏమీ మిగలకపోయినా వేళ్ళతో కలుపుతూనే ఉన్నాడు. మామగారు ఇద్దరినీ పోల్చుకోవాలన్నట్టు కళ్ళు చికిలించారు.

ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో ఆ పిల్ల పెద్ద కోడలిని ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. మొదటిసారి అడిగింది. ఆ అడగడంలో ఇందాకటి జాలి లేదు, భయం ఉంది.

పెద్ద కోడలు కొంగు నడుముకి చుట్టి దోపుకుంది. గరిట మళ్ళీ చేతిలోకి తీసుకుని, మరిది కంచంలో అన్నం పెట్టింది.

"ఈ వారంలోనే బయల్దేరుతున్నాను," అంది. "ఆ ఊరికే."